ముందు ఎత్తు, తరువాత బలము

జూన్ నెలలో బడులు తెరచినప్పుడు తొమ్మిదవ తరగతి గదిలోనికి తొంగిచూచినచో ఒక చిత్రము కనిపించును. చివరి బల్లపై కూర్చున్న బాలునికి నూనూగు మీసములు వచ్చినవి; గొంతు బొంగురుపోయినది; లేచి నిలుచున్నచో ఉపాధ్యాయుని భుజము దాటును. మొదటి బల్లపై ఉన్న బాలుడు ఇంకను ఐదవ తరగతి పిల్లవానివలె ఉన్నాడు. హాజరుపట్టీ తీసి చూచినచో ఇద్దరిదియు పుట్టిన సంవత్సరము ఒక్కటే; నెల కూడ ఒక్కటే కావచ్చును. మొదటివానిని చూచి "వీడు మగవాడైనాడు, బస్తా ఎత్తగలడు" అనియు, రెండవవానిని చూచి "తిన్నది వంటబట్టుట లేదు, ఏదో లోపమున్నది" అనియు పెద్దలు తేల్చివేయుదురు. ఈ రెండు తీర్పులును చాలవరకు తప్పే. మొదటివానికి ఎత్తు వచ్చినంత త్వరగా బలము రాలేదు. రెండవవానికి సాధారణముగా లోపమేమియు ఉండదు. వాని ఒంటిలోని గడియారము కొంచెము నిదానముగా నడచుచున్నది, అంతే.

ఈ సంగతి ఊహవలన గాక కొలతల వలన తెలిసినది. పెరుగుచున్న ఒకే పిల్లవానిని ఏండ్ల తరబడి విడువక కొలిచిన తొలి లెక్క ఫ్రాన్సు దేశములో దొరకుచున్నది. బర్గండీ ప్రాంతమువాడగు గెనో ద మోంబెయార్ అను పెద్దమనిషి 1759లో పుట్టిన తన కుమారుని 1777 వరకు సుమారు ఆరు నెలలకొకసారి నిలువబెట్టి కొలిచి వ్రాసిపెట్టెను. ఆయన మిత్రుడును, ప్రసిద్ధ ప్రకృతి శాస్త్రజ్ఞుడును అగు బ్యుఫాన్ ఆ కొలతలను తన 'ప్రకృతి చరిత్ర' అనుబంధ సంపుటములో అచ్చు వేయించెను. రెండు శతాబ్దములకు పైగా గడచినను పెరుగుదలను గురించిన పుస్తకములు నేటికిని ఆ పిల్లవాని లెక్కతోనే ప్రారంభమగుచుండుట విశేషము.

ఆ కొలతలనుండి ఏ యేటికి ఆ యేడు ఎంత పెరిగెనో తీసివేసి చూచినచో అసలు సంగతి బయటపడును. పుట్టిన మొదటి సంవత్సరములో బాలుడు 20 సెంటీమీటర్లకు మించి పెరిగెను. అప్పటినుండి వేగము తగ్గుచునే వచ్చెను. పది, పన్నెండేండ్ల నాటికి ఏటికి 5 సెంటీమీటర్ల ప్రాంతమునకు దిగెను. అటుపిమ్మట, వేసవిలో సన్నగిల్లిన ఏరు తొలకరికి పొంగినట్లు, వేగము మరల ఒక్కసారిగా పుంజుకొని, 14, 15 ఏండ్ల నడుమ ఏటికి సుమారు 12 సెంటీమీటర్లకు చేరెను. ఆ తరువాత త్వరత్వరగా పడిపోయి, 18 ఏండ్ల నాటికి దాదాపు ఆగిపోయెను. అప్పటికి ఆ యువకుని ఎత్తు 6 అడుగుల పైచిలుకు.

ఈ పొంగునే కౌమార వృద్ధి విజృంభణమని చెప్పవచ్చును. ఇది ప్రతి బాలునిలోను కలుగును. కాని ఒకే వయస్సులో కలుగదు. ఇంగ్లండులో హార్పెండెన్ అను ఊరి బాలల వసతిగృహములో జేమ్స్ టానర్ అను వైద్యుడును, ఆయన సహచరులును ఇరువది యేండ్లకు పైగా పిల్లలను కొలిచిరి. వారు 1966లో ప్రకటించిన లెక్కల ప్రకారము బాలురలో ఎత్తు పెరుగు వేగము శిఖరమునందుకొను సగటు వయస్సు 14 ఏండ్లు. ఆ శిఖర వేగము ఏటికి సుమారు 10 సెంటీమీటర్లు. బాలికలలో ఇది రెండేండ్లు ముందుగా, అనగా 12వ ఏట వచ్చును. అందుచేతనే ఆరు, ఏడు తరగతులలో ఆడపిల్లలు మగపిల్లలకంటె పొడవుగా కనిపించుదురు. అయితే 14 అనునది సగటు మాత్రమే. ఆరోగ్యవంతులగు బాలురలోనే ఒకనికి ఇది 12వ ఏట రావచ్చును, మరియొకనికి 16వ ఏట రావచ్చును.

సగటు అను మాట ఇచ్చట కొంత మోసము చేయును. ఈ మోసమును మొదట పసిగట్టినవారిలో అమెరికా మానవశాస్త్రజ్ఞుడు ఫ్రాంజ్ బోయాస్ ఒకడు. ముగ్గురు బాలురను తీసికొందము. ఒకడు 13వ ఏట, రెండవవాడు 14వ ఏట, మూడవవాడు 15వ ఏట 10 సెంటీమీటర్లు చొప్పున పెరిగిరనుకొందము. తక్కిన రెండేసి ఏండ్లలో ఏటికి 4 సెంటీమీటర్లు చొప్పున పెరిగిరనుకొందము. ముగ్గురికిని కలిపి సగటు తీసినచో ఏ యేడు చూచినను 6 సెంటీమీటర్లే వచ్చును. ముగ్గురిలో ఏ ఒక్కడును ఏ యేడును 6 సెంటీమీటర్లు పెరుగలేదు గదా! గోడకు తగిలించిన ఎత్తు, బరువుల పట్టిక చూచి తమ బిడ్డ వెనుకబడినాడని దిగులుపడు తల్లిదండ్రులు ఈ చిన్న లెక్కను ఒకసారి కాగితముపై వేసి చూచినచో మంచిది.

త్వరగా పొంగినవాడు త్వరగా ఆగును. ఆలస్యముగా పొంగువాడు అంతవరకు బాల్యపు నెమ్మదినడకతో మరి రెండు మూడేండ్లు పెరుగుచు వచ్చును గనుక, విజృంభణము మొదలగు నాటికే కొంత ఎత్తు కూడబెట్టుకొని ఉండును. చివరకు 20 ఏండ్ల వయస్సున ఇద్దరిని ప్రక్కప్రక్కన నిలిపినచో ఎవరు ముందు ఎదిగిరో చెప్పుట కష్టము.

ఎముకల కొనలలో జరుగు పని

శరీరము అంతయు ఒకేసారి పెరుగదు. మొదట పాదములు, చేతులు, తరువాత కాళ్ళు, చివరకు మొండెము పొడవగును. ఇంటిలో ఈ వరుస బట్టలనుబట్టియే తెలియును: ముందు చెప్పులు చాలవు, తరువాత లాగు పొట్టియగును, ఆపైన చొక్కా భుజములవద్ద బిగియును. ఆ నడుమకాలములో కాళ్ళు, చేతులు తనవి కానట్లు పిల్లవాడు గుమ్మములకు తగులుకొనుచు, చేతిలోని గ్లాసు జారవిడుచుచు ఉండును. ఇంటిల్లిపాదియు వానిని కోప్పడుదురు గాని, ఆరు నెలల క్రిందటి పొడవునకు అలవాటుపడిన నాడీమండలము క్రొత్త పొడవునకు సర్దుకొనుటకు కొంత వ్యవధి కావలెను.

పొడవుగా ఉన్న ప్రతి ఎముకకును కొనల దగ్గర మృదులాస్థితో ఏర్పడిన పలుచని పొర ఒకటి ఉండును. దీనిని వృద్ధి ఫలకమందురు. ఇందులోని కణములు రూపాయి బిళ్ళలను ఒకదానిపై ఒకటి పేర్చినట్లు వరుసలుగా ఉండును. ఒక వైపున క్రొత్త కణములు పుట్టుచుండును. రెండవ వైపున పాత కణములు ఉబ్బి, చనిపోయి, వాని చోట గట్టి ఎముక ఏర్పడుచుండును. పొర మందము అంతే ఉండును, ఎముక మాత్రము పొడవగుచుండును. కౌమారము ముగియునప్పటికి ఈ పొర కూడ ఎముకగా మారి మూసికొనిపోవును. ఆ తరువాత ఏ మందు తిన్నను, ఏ కొయ్యకు వ్రేలాడినను ఎత్తు పెరుగుట జరుగదు. ఎత్తు పెంచెదమని చెప్పి అమ్ము పొడులకు ఈ మూసికొన్న తలుపును తెరచు శక్తి లేదు.

ఈ పని నడిపించు ఆజ్ఞలు మెదడు అడుగుభాగమునుండి వచ్చును. అచ్చట హైపోథాలమస్ అను చిన్న ప్రాంతము కలదు. బాల్యమంతయు మౌనముగా ఉన్న ఈ ప్రాంతము ఒకనాటి రాత్రి, పిల్లవాడు నిద్రించుచుండగా, ఒక హార్మోనును విడతలు విడతలుగా విడుచుట మొదలుపెట్టును. దానిని అందుకొని ప్రక్కనే ఉన్న పీయూష గ్రంథి తన హార్మోనులను రక్తములోనికి పంపును. వాని ప్రేరణవలన వృషణములు పెద్దవై టెస్టోస్టిరోన్ అను హార్మోనును తయారుచేయును. కనుక బాలురలో కౌమారము మొదలైనదనుటకు తొలి గుర్తు మీసము కాదు, గొంతు మారుట కాదు, వృషణములు పెరుగుట. ఇది సాధారణముగా 9 నుండి 14 ఏండ్ల లోపల ఎప్పుడైనను మొదలు కావచ్చును. మీసము, గొంతు మార్పు తరువాతి సంగతులు.

వృషణములకును దేహదారుఢ్యమునకును సంబంధము కలదని రైతులకు పుస్తకములు రాకముందే తెలియును. చిన్నతనముననే విత్తుకొట్టిన ఎద్దునకు ఆబోతునకు వలె మెడయు మూపురమును బలియవు. కాని ఆ సంబంధమునకు త్రోవ నరములా, రక్తమా అనునది 1849లో జర్మనీలోని గొటింగెన్ నగరమున ఆర్నాల్డ్ బెర్తోల్డ్ కోడిపుంజులపై చేసిన ప్రయోగము వలన తేలినది. వృషణములు తీసివేసిన పుంజులకు తురాయి వాడిపోయెను, కూత పోయెను. తీసిన వృషణమును పొట్టలో వేరొకచోట అతికించినచో, పాత నరములతో సంబంధము లేకున్నను, తురాయి నిగనిగలాడెను, పుంజు కూయసాగెను. అనగా ఏదో పదార్థము రక్తముద్వారా పోవుచున్నదన్నమాట. ఆ పదార్థమును విడదీయుటకు మరి 86 ఏండ్లు పట్టెను. 1935లో ఆంస్టర్‌డామ్ నగరములో ఎర్నస్ట్ లాకర్ బృందము సుమారు 100 కిలోగ్రాముల ఆబోతు వృషణములనుండి దానిని తీసెను. దొరికినది 10 మిల్లీగ్రాముల ప్రాంతము! ఇంత స్వల్పముగా ఉండు పదార్థమే బాలుని పురుషునిగా మార్చును.

అయితే వృద్ధి ఫలకమును మూసివేయునది టెస్టోస్టిరోన్ అని చాలకాలము అనుకొనుచుండిరి. ఈ భావమును 1994లో వెలువడిన ఒక రోగి వృత్తాంతము తలక్రిందులు చేసినది. ఆయనకు 28 ఏండ్లు. ఎత్తు 204 సెంటీమీటర్లు. ఇంకను పెరుగుచునే ఉండెను. రక్తములో టెస్టోస్టిరోన్ కావలసినంత ఉన్నది. ఎక్స్‌రే తీయగా ఎముకలు 15 ఏండ్ల బాలుని ఎముకలవలె, వృద్ధి ఫలకములు మూయకయే ఉన్నవి. పరిశీలించగా ఆయన శరీరములోని కణములు ఈస్ట్రోజన్‌ను గుర్తింపలేకుండుట కారణమని తెలిసెను. ఈస్ట్రోజన్ స్త్రీలకు సంబంధించిన హార్మోనని గదా అందరును అనుకొనునది! పురుషుని శరీరము టెస్టోస్టిరోన్‌లో కొంత భాగమును ఈస్ట్రోజన్‌గా మార్చుకొనుననియు, ఎముక పెరుగుదలకు తాళము వేయునది ఆ కొంచెమేననియు అప్పటినుండి స్పష్టమైనది.

ఇంతటితో మరియొక సందేహము తీరును. 13, 14 ఏండ్ల బాలురలో దాదాపు సగముమందికి రొమ్ము కొంచెము ఉబ్బి, ముట్టుకొన్నచో నొప్పి పుట్టును. వారు సిగ్గుపడి ఎవరితోను చెప్పరు. చొక్కా విప్పి ఈతకు దిగుట మానివేయుదురు. ఇది వ్యాధి కాదు. హార్మోనుల పాళ్ళు స్థిరపడునంతవరకు ఉండి, సాధారణముగా రెండేండ్లలోపల తనంతట తగ్గిపోవును. ఈ ఒక్క మాట సమయమునకు చెప్పు పెద్దవాడు లేక ఎందరు పిల్లలు నెలల తరబడి లోలోపల కుములుచున్నారో!

బలము ఎందుకు వెనుకబడును?

కండరములలోని తంతువుల సంఖ్య పుట్టుకనాటికే చాలవరకు నిర్ణయమై ఉండును. కౌమారములో క్రొత్త తంతువులు పుట్టవు. ఉన్నవి పొడవును, లావును అగును. పొడవగుట ఎముక లాగుటచేత జరుగును. లావగుటకు టెస్టోస్టిరోన్ కావలెను. ఆ హార్మోను ఎత్తు పొంగు మొదలగునాటికి కొద్దిగానే ఉండి, పొంగు శిఖరము దాటుచుండగా ఇంకను హెచ్చుచు పోవును. అందుచేత ముందు ఎముక సాగును, దానితో కండరము సన్నగా సాగును, ఆపైననే కండరము బలియును. ఎత్తు పెరుగు వేగము శిఖరమునకు చేరిన తరువాత ఆరు నెలలు మొదలు ఒక సంవత్సరము వరకు గడచినగాని బలము పెరుగు వేగము శిఖరమునకు రాదని బెల్జియములో లూవెన్ నగరమువారు బాలురను ఏటేట పరీక్షించి చూపిరి. చిత్రమేమనగా చేతిని చురుకుగా కదల్చు వేగము, పరుగు వేగము ఎత్తు శిఖరమునకు ముందే బాగుగా హెచ్చును. బరువు లాగు శక్తి మాత్రము తరువాత వచ్చును.

అమెరికాలోని ఓక్లండు నగరములో హెరాల్డ్ జోన్స్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1930ల నుండి బడిపిల్లల పిడికిలి పట్టును మరతో కొలిచెను. పదకొండవ ఏటినుండి పదిహేడవ ఏటికి బాలుర పట్టు రెండింతలకు మించినది. బాలికలది అంతగా పెరుగలేదు. ఈ భేదమునకు కండరములు ఒక్కటే కారణము కాదు. బాలురలో గుండె, ఊపిరితిత్తులు పెద్దవగును, భుజములు వెడల్పగును, రక్తములో హీమోగ్లోబిను హెచ్చును. ఎఱ్ఱ కణముల ఉత్పత్తిని కూడ టెస్టోస్టిరోన్ పురికొల్పును. కనుక కండరమునకు అందు ప్రాణవాయువు కూడ పెరుగును.

ఎత్తు పెరిగిన వెంటనే బలము చాలకుండుటకు యంత్రశాస్త్రము వలన ఒక కారణము కూడ చెప్పవచ్చును. నీళ్ళ బాల్చీని చేయి దగ్గరకు ముడిచి పట్టుకొనుట తేలిక; చేయి చాచి పట్టుకొనుట కష్టము. బాల్చీ బరువు అంతే. భుజమునుండి దాని దూరము పెరిగినది. చేయి పొడవగుట అనగా ఆ దూరము శాశ్వతముగా పెరుగుటయే. కండరము మునుపటి లావుననే ఉండగా అది మోయవలసిన భారము హెచ్చినదన్నమాట. అంతమాత్రమున బలము తగ్గిపోయెనని భావింపరాదు. "ఒడ్డు పొడవు పెరిగినాడు గాని ఒంట్లో పస లేదు" అని ఇరుగుపొరుగు అనునది ఆ ఏడాది కాలమునకు మాత్రము కొంత నిజము. పిల్లవాని బలము నిరుటికంటె హెచ్చే. ఎత్తునుబట్టి ఇతరులు ఆశించినంత లేదు, అంతే.

కండరములవలెనే ఎముకలలోని సున్నము కూడ వెనుకబడును. పెద్దవాని ఎముకలలో ఉండు ఖనిజ పదార్థములో సుమారు నాలుగవ వంతు ఈ విజృంభణమునకు అటునిటు రెండేండ్లలోనే చేరును. అయినను పొడవు ముందు, గట్టిదనము కొన్ని నెలల వెనుక. ఆ నడిమి నెలలలో ఎముక పొడవుకు తగినంత గట్టిగా ఉండదు. ముంజేయి విరిగి కట్టు కట్టించుకొనుటకు వచ్చు బాలురు 13, 14 ఏండ్లవారే ఎక్కువగా ఉండుటకు చెట్లెక్కుట, సైకిలు తొక్కుట మాత్రమే కారణము కాదు. మోకాలి చిప్పకు దిగువ బొడిపెవలె లేచి నొప్పిపెట్టుట కూడ ఆటలాడు బాలురలో తరచు కనిపించును. తొడముందు కండరము తన పట్టుచోటును, అనగా ఇంకను గట్టిపడని ఎముక భాగమును, పదేపదే లాగుటవలన ఇది కలుగును. దీనిని 1903లో బోస్టనులో ఆస్‌గుడ్, జూరిక్‌లో ష్లాటర్ అను వైద్యులు వేరువేరుగా వర్ణించిరి. కొంతకాలము దూకుడు, పరుగు తగ్గించినచో చాలమందికి పోవును.

అందుచేత వ్యాయామము మానవలెనని కాదు. తగిన పర్యవేక్షణలో చేయు దండెములు, బస్కీలు, తేలిక బరువులు ఎత్తుట వలన ఎదుగుదల ఆగిపోవునను భయము నిరాధారము. కౌమారమునకు ముందు వ్యాయామము చేసిన పిల్లవానికి కండ రాదు గాని బలము వచ్చును. నాడులు కండర తంతువులను కూడగట్టుకొని ఒక్కసారిగా పని చేయించుట నేర్చుకొనును. చెడ్డది తన శక్తికి మించిన బరువు నెత్తుటకు పంతముపట్టుట. అంతకంటె చెడ్డది కండలు త్వరగా వచ్చునని కొన్ని వ్యాయామశాలలలో చాటుగా అందు స్టిరాయిడ్ సూదులు, మాత్రలు. ఇవి టెస్టోస్టిరోన్‌వంటివే. కండ పెరుగుట నిజమే; కాని పైన చెప్పిన తాళము కూడ ముందుగానే పడును. వృద్ధి ఫలకములు మూసికొనిపోయి, రావలసిన ఎత్తు రాకుండ పోవును. పైగా బయటనుండి హార్మోను అందుచుండుటచేత స్వంత వృషణములు తమ పని తగ్గించుకొనును.

మోతబరువు, ఆటస్థలము, కంచము

ఎత్తునుబట్టి బలమును అంచనా కట్టుటలోని ప్రమాదము ఎక్కువగా పడునది పేద కుటుంబములపై. పొడవుగా ఎదిగిన పదునాలుగేండ్ల పిల్లవానిని ధాన్యపు బస్తాల మోతకు, ఇటుకబట్టీకి, గనికి పంపుదురు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఈ విషయమున విలువైన పరిశోధనలు చేసినది. (1918లో కూనూరున చిన్న ప్రయోగశాలగా మొదలై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన సంస్థయే ఇది.) హైదరాబాదు పరిసర గ్రామముల బాలురను ఈ సంస్థవారు ఏండ్ల తరబడి కొలిచి 1980లో ప్రకటించిన దాని సారాంశమిది: ఐదేండ్లనాటికి ఆహారలోపముచే గిడసబారిన బాలురకు కౌమార విజృంభణము ఆలస్యముగా వచ్చును, నెమ్మదిగా ఉండును, కాని ఎక్కువ కాలము సాగును. ఆ దశలో మొత్తము మీద వారు పెరుగునది, బాగుగా తిన్న పిల్లలు పెరుగునది దాదాపు సమానమే. అయినను ఐదేండ్లనాటి లోటు మాత్రము అట్లే నిలిచిపోయి, పెద్దయిన తరువాత కూడ పొట్టిగానే ఉందురు. అదే ప్రాంతమున తరువాత జరిగిన పరిశీలనలో బడికి పోవువారికంటె కూలికి పోవు బాలురలో ఎదుగుదల లోటు ఎక్కువని తేలినది. తిన్నది పనికే ఖర్చయిపోయినచో ఎముకకు మిగులునది తక్కువ గదా. 2016లో సవరించిన చట్టము 14 ఏండ్లు నిండని బాలలను పనిలో పెట్టుకొనుటను నిషేధించి, బడివేళల వెలుపల కుటుంబపు పనికి మాత్రము కొంత మినహాయింపు ఇచ్చినది. 14 నుండి 18 ఏండ్ల లోపువారిని ప్రమాదకరమగు పనులలో పెట్టరాదని కూడ చెప్పినది. ఈ రెండవ నిబంధనకు శరీరశాస్త్రములో ఎంత బలమగు ఆధారము కలదో పై సంగతులవలన తెలియును.

తిండి సంగతి. 2020లో ప్రకటించిన భారతీయుల ఆహార ప్రమాణముల ప్రకారము కూర్చుండి పని చేయు 65 కిలోల పురుషునికి దినమునకు 2110 కిలోకేలరీలు చాలును. 13 నుండి 15 ఏండ్ల బాలునికి 2860 కావలెను. అనగా గుమాస్తా పని చేయు తండ్రి కంటె ఆయన కొడుకే ఎక్కువ తినవలెను! "వీడి కడుపున కరువు పుట్టినదా" అని నవ్వు తల్లులకు ఈ అంకెలు ఊరట కలిగించును. మాంసకృత్తులు దినమునకు 45 గ్రాముల వరకును, ఇనుము 22 మిల్లీగ్రాములును అవసరము. సున్నమునకు పాలు, పెరుగు, రాగులు మంచివి; నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల సున్నము ఉండును. రాయలసీమ సంగటిని నాగరికులు చిన్నచూపు చూచుట ఈ విధముగా తెలివితక్కువ పని. నిద్ర కూడ ఆహారమువంటిదే. పెరుగుదల హార్మోను గాఢనిద్రలోనే హెచ్చుగా విడుదలయగును.

ఆటస్థలములో అన్యాయము వేరు రీతిగా జరుగును. వయస్సునుబట్టి జట్లు కట్టినప్పుడు త్వరగా ఎదిగినవాడు ఎంపికయగును, నిదానముగా ఎదుగువాడు ప్రక్కకు తొలగింపబడును. రెండేండ్ల తరువాత బలములు సమానమగునాటికి రెండవవాడు ఆట మానివేసి ఉండును. కబడ్డీలో చిన్నవారి పోటీలకు వయస్సుతో పాటు బరువునకు కూడ హద్దు పెట్టుట ఈ దృష్టితో చూడగా మంచి పద్ధతి. క్రికెటులో 16 ఏండ్ల లోపువారి పోటీలకు భారత క్రికెట్ నియంత్రణ మండలి ఎడమచేతి మణికట్టు ఎక్స్‌రే తీయించి ఎముకల వయస్సు చూచుచున్నది. ఇది టానర్, వైట్‌హౌస్ అనువారి పేర ప్రసిద్ధమైన పద్ధతి. తప్పుడు జనన పత్రములను అరికట్టుటకు దీనిని వాడుచున్నారు. కాని ఎముకల వయస్సు పంచాంగపు వయస్సు కాదు. నిజముగా 15 ఏండ్లే నిండినవాని ఎముకలు త్వరగా ఎదిగి 17 ఏండ్లవానివలె కనిపించవచ్చును. అట్టివాడు అబద్ధమాడకయే అనర్హుడగును. ఎదుగుదలను కొలుచుటకు పుట్టిన సాధనమును పుట్టినతేదీ కనుగొనుటకు వాడినప్పుడు ఇట్టి చిక్కులు తప్పవు.

నిదానముగా ఎదుగు పిల్లవానిని ఎప్పుడు వైద్యునికి చూపవలెను? 14 ఏండ్లు నిండినను కౌమార చిహ్నమేదియు కనిపించనప్పుడు చూపుట మంచిది. 9 ఏండ్లు నిండకముందే మొదలైనను చూపవలెను. థైరాయిడ్ గ్రంథి మందగించుట, రక్తహీనత, దీర్ఘకాలపు జబ్బులు అప్పుడప్పుడు కారణములగును. కాని ఎక్కువమంది విషయములో వైద్యుడు అడుగు మొదటి ప్రశ్నకే సగము సమాధానము దొరకును: "తండ్రికి మీసము ఎప్పుడు వచ్చినది?" ఈ నిదానము తరచు వంశములో నడచును.

ఓక్లండు బాలుర కథ ఇంకొంచెము మిగిలియున్నది. వారిలో అందరికంటె త్వరగా ఎదిగిన 16 మందిని, అందరికంటె ఆలస్యముగా ఎదిగిన 16 మందిని ఏరి మేరీ కవర్ జోన్స్, నాన్సీ బేలీ అను శాస్త్రజ్ఞురాండ్రు 1950లో పోల్చి చూచిరి. ఆలస్యముగా ఎదిగినవారు తరగతిలో నిలకడ లేక, నలుగురి చూపు తమపై పడవలెనని ఆరాటపడువారుగా కనిపించిరి. వారు సుమారు 33 ఏండ్లవారైన తరువాత మేరీ జోన్స్ వారిని మరల వెదకి పరీక్షించి 1957లో ఫలితములు ప్రకటించెను. ఎత్తులో, దేహదారుఢ్యములో మునుపటి భేదములు దాదాపు మాసిపోయినవి. స్వభావములో మాత్రము కొంత భేదము మిగిలెను. త్వరగా ఎదిగినవారిలో బాధ్యతలను మీద వేసికొని నలుగురిని నడుపు గుణము హెచ్చుగా ఉండెను; ఆలస్యముగా ఎదిగినవారిలో క్రొత్త పరిస్థితులకు తగినట్లు ఆలోచనను మార్చుకొను నేర్పు ఎక్కువగా ఉండెను.